ఇంటి ఆవు పొదుగుకు ఏ పరీక్ష మేలు? నల్ల గిన్నె, ప్యాడిల్, కాగితం, మీటరు, ల్యాబు

పొదుగువాపు అనగానే మనకు గుర్తొచ్చేది ముదిరిన రూపమే. పొదుగు ఒక పక్క గట్టిపడుతుంది, చెయ్యి వేస్తే ఆవు కాలు ఝాడిస్తుంది, పాలలో తరకలు వస్తాయి. అంతకుముందు వారాల తరబడి, ఒక్కోసారి ఈత మొత్తం, పైకి ఏమీ తెలియదు. పాలు తెల్లగానే ఉంటాయి, ఆవు మేత మేస్తూనే ఉంటుంది, ఒక్క చన్నులో మాత్రం పాలు కొద్దికొద్దిగా తగ్గుతుంటాయి. ఇంట్లోవాళ్లు ఎండ అనుకుంటారు, మేత చాలలేదు అనుకుంటారు, చూడి కట్టింది కదా అని సరిపెట్టుకుంటారు.

పలమనేరు, కుప్పం, చిత్తూరు చుట్టుపక్కల కొట్టాల్లో ఎక్కువగా ఉన్నవి జెర్సీ క్రాసులు, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాసులు. పాలు ఎక్కువిచ్చే ఆవుకు ఈ జబ్బు భయమూ ఎక్కువే. పరీక్షలకు కొదవ లేదు. మందుల షాపులో ఒకటి చెబుతారు, పాల కేంద్రంలో ఇంకొకటి, యూట్యూబ్‌లో మరొకటి. ఒకటి రెండు ఆవులున్న ఇంటికి ఇందులో ఏది పనికొస్తుంది, ఏది దండగ అన్నదే ఇక్కడి లెక్క.

## ముందు ఏం చూసుకోవాలి

మొదటిది, ఆ పద్ధతి జబ్బును ఏ దశలో పట్టిస్తుంది. పాలలో తరకలు వచ్చాక చెప్పే పరీక్ష వేరు, రెండు వారాల ముందే చెప్పేది వేరు. మిగతా అన్నిటికన్నా దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

రెండోది, ఏ చన్నులో ఉందో చెబుతుందా లేదా. పొదుగు బయటికి ఒకటిగా కనిపించినా లోపల నాలుగు వేర్వేరు గదులు. ఒక గదిలో పాలు ఇంకో గదిలోకి పోవు. జబ్బు సాధారణంగా ఒక గదిలోనే మొదలవుతుంది. నాలుగు చన్నుల పాలు ఒకే బిందెలో కలిపి పరీక్ష చేయిస్తే ఏమవుతుందో ఈ లెక్క చూడండి. మూడు గదుల్లో మిల్లీలీటరుకు 50 వేల చొప్పున కణాలు (జబ్బు చేరితే పాలలో పెరిగేవి, ఎక్కువగా తెల్ల రక్తకణాలు), నాలుగో గదిలో 5 లక్షలు ఉన్నాయనుకోండి. నాలుగూ సమానంగా పాలిస్తే బిందెలో సగటు లక్షా 62 వేలు. సాధారణంగా 2 లక్షలు దాటితేనే అనుమానించాలంటారు కాబట్టి కాగితం మీద ఆవు బాగున్నట్టే లెక్క. నాలుగో గది మాత్రం చెడిపోతూనే ఉంటుంది.

మూడోది, చేసేది ఎవరు. పొద్దున నాలుగున్నరకు కొట్టంలోకి పోయేది ఇంటి ఇల్లాలా, పెద్దాయనా, కూలికి వచ్చి పిండిపోయే మనిషా? ఎంత మంచి పరీక్షయినా చేసేవాళ్ల చేతికి అలవాటు కాకపోతే మూలనపడుతుంది.

నాలుగోది చాలామంది అడగని ప్రశ్న. జవాబు వచ్చాక మీరు ఏం చేస్తారు? ఏ జవాబు వచ్చినా చేసే పని మారనప్పుడు ఆ పరీక్షకు డబ్బు పెట్టడం ఎందుకు? ఖర్చు సంగతి చివర చూసుకోవచ్చు. ఎందుకంటే వీటిలో బాగా పనికొచ్చేవి ఖరీదైనవి కావు.

| పద్ధతి | కనపడని దశలో పట్టిస్తుందా | ఏ చన్నో చెబుతుందా | ఖర్చు | ఎక్కడ మోసపోతాం |
|---|---|---|---|---|
| కన్ను, చెయ్యి, నల్ల గిన్నె | లేదు | చెబుతుంది | దాదాపు ఏమీ లేదు | పాలు బాగున్నట్టు కనిపించినంత కాలం |
| సీఎంటీ ప్యాడిల్, మందు | పట్టిస్తుంది | చెబుతుంది | కిట్టుకు వందల్లో | ఈనిన కొత్తలో, పాలు ఎండిపోయే ముందు |
| డిటర్జెంట్ నీళ్లు | చాలావరకు | చెబుతుంది | చాలా తక్కువ | పొడి మార్చినప్పుడు, కొలత తప్పినప్పుడు |
| రంగు మారే కాగితం | అంతంతమాత్రం | చెబుతుంది | తక్కువ | తొలి దశలో |
| కండక్టివిటీ మీటరు | కొంతవరకు | చెబుతుంది | వేలల్లో | ఒక్క అంకెనే నమ్మినప్పుడు |
| ల్యాబులో కణాల లెక్క | పట్టిస్తుంది | విడిగా పంపితేనే | ప్రయాణం, ఫీజు | కలిపిన పాలు పంపినప్పుడు |
| ల్యాబులో కల్చర్ | ఏ క్రిమో చెబుతుంది | విడిగా పంపితేనే | ప్రయాణం, ఫీజు, ఎదురుచూపు | శాంపిల్ శుభ్రంగా తీయనప్పుడు |

## కన్ను, చెయ్యి, నల్ల గిన్నె

దీన్ని ఎంపికగా కాక నియమంగా పెట్టుకోండి. మిగతావాటిలో ఏది ఎంచుకున్నా ఇది రోజూ ఉండాల్సిందే.

పాలు పిండే ముందు ఒక్కో చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు నల్లటి పాత్రలోకి తీయాలి. స్ట్రిప్ కప్పు అని అమ్ముతారు. లేకపోతే నల్ల ప్లాస్టిక్ మూతో, పాత నాన్‌స్టిక్ గిన్నో సరిపోతుంది. తెల్ల స్టీలు గిన్నెలో కనపడని సన్నటి నలుసులు నలుపు మీద తేలిగ్గా కనిపిస్తాయి. తరకలు, నీళ్లలాంటి పాలు, పసుపు ఛాయ, నెత్తుటి చార, వీటిలో ఏది కనిపించినా ఆ చన్నును గుర్తుపెట్టుకోవాలి. ఆ ధారలను కొట్టం నేల మీద చల్లేయకూడదు. ఆవు పడుకునేది అక్కడే, జబ్బు ఇంకో చన్నుకు ఎక్కేదీ అక్కడి నుంచే.

మన ఇళ్లలో ఇక్కడ ఒక చిక్కుంది. చేపు కోసం ముందు దూడను వదులుతాం. దూడ నాలుగు చన్నులూ కుడిచేస్తే మొదటి ధారలు దాని కడుపులోకే పోతాయి, మనకు చూడ్డానికి ఏమీ మిగలదు. అందుకని దూడ తాడు విప్పే ముందే ఒక్కో చన్ను నుంచి రెండు ధారలు తీయండి. చేపకముందు కూడా చన్నులో, దాని పైనున్న ఖాళీలో కాసిన్ని పాలుంటాయి, చూడ్డానికి అవి చాలు. దూడను కూడా గమనించండి. రోజూ ఒకే చన్నును వదిలేసి మిగతా మూడింటికే పోతుంటే, వదిలేసిన ఆ చన్నును ఆ పూటే పరీక్ష చేయండి.

ఇక చెయ్యి. పొదుగును పిండిన తర్వాత తడమాలి, ముందు కాదు. నిండుగా ఉన్నప్పుడు అన్ని పొదుగులూ గట్టిగానే ఉంటాయి. పిండాక మెత్తగా, ముడతలు పడి వేలాడాలి. ముందు రెండు గదులను ఒకదానితో ఒకటి, వెనక రెండింటిని ఒకదానితో ఒకటి పోల్చండి. వెనకవి సహజంగానే పెద్దవి, ఎక్కువ పాలిచ్చేవి కాబట్టి ముందువాటితో పోలిస్తే లెక్క తప్పుతుంది. ఒక గదిలో గడ్డ చేతికి తగిలినా, ఒకటే వేడిగా ఉన్నా, మొన్నటికన్నా చిన్నదైనా అది సమాచారమే.

తొలిచూలు పెయ్యలకు ఈనబోయే ముందు పొదుగంతా ఉబ్బడం చూసి కంగారుపడేవాళ్లున్నారు. వేలితో నొక్కితే గుంట పడి, కాసేపు అలాగే ఉండి, నొప్పి లేకపోతే అది చాలావరకు పొదుగుకు పట్టిన నీరే. ఈనాక కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఈనిన కొత్తలో పాలు లేత గులాబీగా రావడం కూడా చాలాసార్లు సన్నటి నరాలు చిట్లడం వల్లే. నొప్పి, వేడి, తరకలు తోడైతే మాత్రం పొదుగువాపు కిందే చూడాలి.

పాలు ఉప్పగా ఉన్నాయేమోనని నాలుక మీద వేసుకుని చూసే అలవాటు పెద్దవాళ్లకు ఉంది. జబ్బు చేసిన పాలలో ఉప్పదనం పెరిగే మాట నిజమే. కానీ పచ్చిపాలతో బ్రూసెల్లా, క్షయ లాంటివి మనిషికి అంటుకునే ప్రమాదం ఉంది. ఉప్పదనాన్ని మీటరుతో చూసే దారి ఉన్నప్పుడు నాలుకకు పని పెట్టొద్దు.

## సీఎంటీ ప్యాడిల్

ఒక్కటే కొనగలను అనుకునేవాళ్లకు నా ఓటు దీనికే. కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్ అంటారు. 1957లో షాల్మ్, నూర్లాండర్ అనే ఇద్దరు దీన్ని బయటపెట్టారు. ఇన్నేళ్లయినా కొట్టంలో నిలబడి చేసే పరీక్షల్లో దీన్ని మించి వాడుకలో ఉన్నది లేదు. నాలుగు చిన్న గిన్నెలున్న ప్లాస్టిక్ ప్యాడిల్, ఒక సీసా మందు, అంతే సరంజామా.

పని చేసే తీరు తేలికే. క్రిములు చేరినప్పుడు ఆవు ఒంట్లోని తెల్ల రక్తకణాలు పొదుగులోకి దిగుతాయి. మందులో ఉన్న డిటర్జెంట్ ఆ కణాల గోడలు పగలగొడుతుంది. లోపలి డీఎన్‌ఏ బయటపడి పాలు చిక్కబడతాయి. కణాలు ఎంత ఎక్కువుంటే చిక్కదనం అంత ఎక్కువ. మందులో రంగు కూడా కలిపి ఉంటుంది, పాలలో క్షారగుణం పెరిగితే ఊదా ముదురుతుంది.

చేసేటప్పుడు మొదటి ధారలు వదిలేసి, ఒక్కో చన్ను నుంచి ఒక్కో గిన్నెలోకి కొద్దిగా పాలు పిండాలి. ప్యాడిల్‌ను బాగా వంచితే ఎక్కువైన పాలు ఒలికిపోయి నాలుగింటిలోనూ ఇంచుమించు 2 మిల్లీలీటర్ల చొప్పున మిగులుతాయి. అంతే మందు పోసి, ప్యాడిల్‌ను గుండ్రంగా తిప్పుతూ పది పదిహేను సెకన్లలో చూసేయాలి. ఆలస్యమైతే తక్కువ చిక్కదనం కరిగిపోయి కనపడకుండా పోతుంది. మంచి పాలు నీళ్లలా కదులుతాయి. చెడిన చన్ను పాలు బెండకాయ కోసినప్పటి జిగురులా ఒకదాన్నొకటి లాక్కుంటూ గిన్నె మధ్యకు చేరతాయి. ఒక్కసారి కళ్లారా చూస్తే ఇంకెప్పుడూ పొరబడరు.

| గిన్నెలో కనిపించేది | గుర్తు | మిల్లీలీటరుకు కణాలు, సుమారుగా |
|---|---|---|
| నీళ్లలా కదులుతుంది | 0 | 2 లక్షల లోపు |
| లేత జాడ, తిప్పుతుంటే పోతుంది | అనుమానం | 1.5 నుంచి 5 లక్షలు |
| చిక్కబడింది, ముద్ద కాలేదు | 1 | 4 నుంచి 15 లక్షలు |
| జిగురై మధ్యకు చేరుతుంది | 2 | 8 నుంచి 50 లక్షలు |
| ముద్దై మధ్యలో పైకి లేస్తుంది | 3 | 50 లక్షల పైన |

అంకెలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోవడం చూసి ఇదేం పరీక్ష అనుకోకండి. మనకు కావాల్సింది సరిగ్గా ఎన్ని లక్షలని కాదు. నాలుగు గిన్నెల్లో ఒకటి మిగతా మూడింటికన్నా వేరుగా ఉందా, పదిహేను రోజుల కిందటికన్నా ఇవాళ మారిందా అన్నదే. అది కంటి ముందు పక్కపక్కనే చూపించడంలో ఈ ప్లాస్టిక్ ముక్కకు సాటి లేదు.

దీనికీ తప్పుదారి పట్టించే రోజులున్నాయి. ఈనిన మొదటి కొద్ది రోజులు జున్నుపాలలో కణాలు సహజంగానే ఎక్కువ. అయిదో రోజు తర్వాత చేసిన పరీక్షనే లెక్కలోకి తీసుకోవడం మంచిది. ఈత చివర్లో పాలు లీటరు లీటరున్నరకు పడిపోయినప్పుడు కూడా నాలుగు చన్నుల్లోనూ కొంచెం చిక్కదనం రావచ్చు. నాలుగూ ఒకేలా ఉంటే అంత కంగారు అక్కర్లేదు, ఒక్కటే ఎక్కువగా ఉంటే అది జబ్బే అనుకోండి.

## డిటర్జెంట్ నీళ్లు

మందు సీసా అయిపోయింది, మండలంలో ఎక్కడా దొరకలేదు. అప్పుడు బట్టలుతికే పొడి. అర లీటరు నీళ్లలో 15 గ్రాముల పొడి కరిగించి, పాలకు సమానంగా కలిపి తిప్పాలి. సూత్రం అదే, కణాలను డిటర్జెంట్ పగలగొట్టడం. సీఎంటీకన్నా ఎక్కువసేపు, ఒక నిమిషం దాకా తిప్పితే గానీ జిగురు తేలదు. రంగు ఉండదు కాబట్టి తక్కువ స్థాయి మార్పు కంటికి అందకపోవచ్చు.

కంపెనీని బట్టి పొడిలో సరుకు మారుతుంది. ఒకే రకం పొడిని ఒకే చెంచాతో కొలిచి, ఏ వారానికి ఆ వారం కొత్తగా కలుపుకుంటే పోలిక నిలుస్తుంది. బాగున్న చన్ను పాలను పక్కన పెట్టుకుని చూడటం ఇక్కడ ఇంకా ముఖ్యం. ప్యాడిల్ లేకపోతే నాలుగు తెల్ల సాసర్లు చాలు.

## రంగు మారే కాగితం

మంచి పాల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6.5 నుంచి 6.8 మధ్య ఉంటుంది. పొదుగువాపులో రక్తంలోని ద్రవం పాలలోకి ఊరి, పీహెచ్ 7 వైపు జరుగుతుంది. కాగితం పసుపు నుంచి ఆకుపచ్చకు, ముదిరితే నీలానికి మారుతుంది. చేయడం అన్నిటికన్నా సులువు, జేబులో పెట్టుకోవచ్చు. కానీ పీహెచ్ కదిలేసరికి జబ్బు ఓ మోస్తరుగా ముదిరి ఉంటుంది. తొలి దశలో చాలా కేసులు దీని కన్నుగప్పుతాయి. ఊరికే ఇస్తే తీసుకోండి, దీన్ని నమ్ముకుని ప్యాడిల్ మానేయకండి.

## కండక్టివిటీ మీటరు

జబ్బు చేసిన గదిలో పాలలోని సోడియం, క్లోరైడు పెరిగి, పొటాషియం, లాక్టోజు తగ్గుతాయి. ఉప్పు పెరిగిన పాలలో కరెంటు తేలిగ్గా పారుతుంది. మీటరు కొలిచేది దాన్నే. మామూలు పాలలో ఇది సెంటీమీటరుకు 4 నుంచి 5.5 మిల్లీసీమెన్స్ దాకా ఉంటుంది.

మీటరు అంకె చూపిస్తుంది కాబట్టి నమ్మకం కలుగుతుంది. చిక్కు కూడా అక్కడే వస్తుంది. పాల వేడి మారితే అంకె మారుతుంది, ఈత ఎన్నో నెలన్న దాన్ని బట్టి మారుతుంది, ఆవు ఆవుకూ మారుతుంది. బాగున్న ఆవులో కూడా ఒక్కోసారి గీత దాటుతుంది. అందుకే ఒక చన్ను అంకెను పుస్తకంలో అంకెతో కాకుండా, అదే ఆవు మిగతా చన్నుల అంకెలతో పోల్చాలి. అదెలాగూ ప్యాడిల్‌తో కంటికి కనిపించే సంగతే. కొన్ని మీటర్లకు ఒక్కో చన్ను నుంచి 15 మిల్లీలీటర్ల దాకా పాలు కావాలి. జెర్సీకి అది లెక్కలోది కాదు. ఇంట్లో పుంగనూరు పొట్టి ఆవును పెట్టుకుని పూటకు లీటరో లీటరున్నరో పిండేవాళ్లకు మాత్రం నాలుగు చన్నులకూ కలిపి అరవై మిల్లీలీటర్లు పోయడం మనసుకు కష్టమే.

మీటరుకు ఒక గొప్ప సుగుణం ఉంది. మందు కొనే పని లేదు, ఒక్క బటన్‌తో పని అయిపోతుంది, రోజూ చేసినా అదనపు ఖర్చు రాదు. పది పన్నెండు ఆవులున్నవాళ్లు, పనివాళ్ల చేత రోజూ అంకెలు రాయించగలవాళ్లు కొంటే డబ్బు గిట్టుతుంది. ఒక్క ఆవుకు దీన్ని కొనమని నేను చెప్పను. ఆ వేల రూపాయలు కొట్టం నేలకు రబ్బరు మ్యాటు వేయడానికి, పిండాక చన్నులు ముంచే అయోడిన్ మందుకు పెడితే ఆవుకు ఎక్కువ మేలు.

## ల్యాబు: కణాల లెక్క, కల్చర్

ల్యాబ్ పరీక్ష అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు పనులున్నాయి. సోమాటిక్ సెల్ కౌంట్ అంటే ప్యాడిల్ చూపించినదాన్నే కచ్చితమైన అంకెలో చెప్పడం. ఇంట్లో ప్యాడిల్ ఉన్నవాళ్లకు దీని అవసరం అరుదు. కల్చర్ అలా కాదు, పాలలోని క్రిమిని ల్యాబులో పెంచి చూడటం. పొదుగులో ఉన్నది స్టెఫైలోకాకసా, స్ట్రెప్టోకాకసా, ఈ.కోలినా అని పేరు చెబుతుంది. సెన్సిటివిటీ కూడా చేయిస్తే ఏ మందుకు లొంగుతుందో చెబుతుంది. ఇది ఇంట్లో ఏ పరికరమూ చెప్పలేని మాట.

చిత్తూరు, తిరుపతి జిల్లాల వాళ్లకు ఇక్కడ ఒక సదుపాయం ఉంది. 1955లో మొదలైన తిరుపతి పశువైద్య కళాశాల ఇప్పుడు శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. వైద్యం, బోధన రెండూ ఒక చోట ఉన్న జాగా. దగ్గర్లోని పశువైద్యశాల డాక్టరుతో ముందు మాట్లాడి, శాంపిల్ ఎక్కడికి, ఏ రోజు, ఎలా పంపాలో కనుక్కొని బయలుదేరండి. బస్సెక్కాక ఫోను చేస్తే శాంపిల్ సంచిలోనే చెడిపోతుంది.

శాంపిల్ తీసే పద్ధతిలోనే సగం జవాబు ఉంది. చన్నును కడిగి పొడిగా తుడిచి, మొదటి ధారలు వదిలేసి, చన్ను మొనను స్పిరిట్ దూదితో రుద్దాలి. దూది మీద మురికి కనిపించినంత సేపు దూది మారుస్తూ రుద్దుతూనే ఉండాలి. ల్యాబు ఇచ్చిన స్టెరైల్ సీసాను అడ్డంగా పట్టుకుని, మూత లోపలి వైపు వేలు తగలకుండా రెండు మూడు ధారలు పట్టి, వెంటనే మూసి, ఐసు పెట్టిన డబ్బాలో పెట్టాలి. ఇంట్లో కడిగిన మందుసీసాలో పట్టుకుపోతే వచ్చే రిపోర్టు మీ ఆవుది కాదు, ఆ సీసాది. యాంటీబయాటిక్ ఎక్కించాక తీసిన శాంపిల్ కూడా అంతే, క్రిమి ఉన్నా మొలవకపోవచ్చు.

క్రిమి కనపడలేదని వచ్చినా పూర్తిగా నమ్మేయకండి. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనేది పొదుగులో దాక్కుని కొన్ని రోజులు పాలలోకి వస్తుంది, కొన్ని రోజులు రాదు. ప్యాడిల్ మాటిమాటికీ 2, 3 చూపిస్తూ కల్చర్ ఖాళీగా వస్తే ఇంకోసారి పంపడం న్యాయం.

## ఎవరికి ఏది

ఇంటి పాలకోసం ఒక ఆవును పెట్టుకున్నవాళ్లకు రోజూ నల్ల గిన్నె, పదిహేను రోజులకు ఒకసారి ప్యాడిల్ చాలు. గోడ మీద పాల లెక్క రాసే తెలుగు క్యాలెండరులోనే తేదీ గడిలో రాసుకోండి: ముకు (ముందు కుడి), ముఎ (ముందు ఎడమ), వెకు (వెనక కుడి), వెఎ (వెనక ఎడమ), పక్కన 0, 1, 2, 3. కుడి ఎడమలు ఆవువి, ఎదురుగా నిలబడ్డ మనిషివి కావు. ఒకరు ఒక రకంగా, ఇంకొకరు ఇంకో రకంగా రాస్తే నెల తిరిగేసరికి ఏ చన్నో తెలియకుండా పోతుంది.

కేంద్రానికి పాలు పోసే ఇల్లు, రెండు మూడు ఆవులు. వీళ్లకు ఇంకో సూచిక ఉచితంగా దొరుకుతోంది, అదే రోజూ వచ్చే చీటీలో ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే పాలలో వెన్న కాకుండా మిగిలిన ఘనపదార్థం. పొదుగువాపులో లాక్టోజు, కేసిన్ తగ్గుతాయి కాబట్టి ఎస్‌ఎన్‌ఎఫ్ జారుతుంది. మేత మారినా జారుతుంది కాబట్టి దాన్ని తీర్పుగా తీసుకోకూడదు. మేత మారకుండానే వరసగా నాలుగు రోజులు తగ్గితే ఆ సాయంత్రమే అన్ని ఆవులకూ ప్యాడిల్ పెట్టండి. జబ్బున్న ఆవును చివర్లో పిండాలి, ఆ చన్నును అన్నిటికన్నా చివర్లో.

కూలి మనిషి చేత పిండించుకునేవాళ్ల సంగతి వేరు. అతనికి పది ఇళ్లుంటాయి, మీ ఆవు దగ్గర నల్ల గిన్నె పట్టుకుని కూర్చునే తీరిక ఉండదు. రోజువారీ చూపు అతని మీద వదిలేయకుండా, వారానికి ఒకసారి అతను రాకముందు ప్యాడిల్ మీరే పెట్టండి. అతని చేతుల మీద కూడా ఒక కన్నేయండి. పిడికిలితో పిండుతున్నాడా, బొటనవేలు మడిచి దాని కణుపుతో చన్నును నొక్కుతున్నాడా? రెండో పద్ధతిలో చన్ను లోపలి పొర నలిగి జబ్బుకు దారి పడుతుంది. ఇంకో ఇంటి ఆవును పిండిన చేతులు సబ్బుతో కడుక్కోకుండా మీ ఆవు మీద పెట్టనీయకండి.

ఇక ఆవును కొనబోయేవాళ్లు. డబ్బు పెట్టేముందు చేయాల్సింది ప్యాడిల్ పరీక్షే. సంతకు తెచ్చేముందు ఒక పూట పిండకుండా వదిలి పొదుగును నిండుగా చూపించడం పాత విద్య. నిండు పొదుగు చూసి బేరం ముగించకండి. మీ ముందే పూర్తిగా పిండించి, నాలుగు చన్నుల నుంచీ పాలు వస్తున్నాయా చూసి, ప్యాడిల్‌లో తిప్పి, ఖాళీ పొదుగును తడిమి చూడండి. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే ఆ ఆవు మనది కాదని వెనక్కి తిరగడమే. ఒక గది పోయిన ఆవును కొనకూడదని కాదు, ధర దానికి తగ్గట్టు దిగాలి.

## ఫలితం తేడాగా వస్తే

ప్యాడిల్‌లో ఒక చన్ను 1 చూపించింది, పాలు బాగానే ఉన్నాయి, ఆవు చురుగ్గా ఉంది. ఆ రోజే చన్ను రంధ్రం గుండా యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించాల్సిన పని లేదు. పిండాక చన్నును అయోడిన్ మందులో ముంచి, పాలు తీసిన తర్వాత అరగంట దాకా ఆవు పడుకోకుండా ముందు మేత వేయండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. దూడను చివర్లో వదిలే ఇళ్లలో దూడ కుడిచి వెళ్లాకే ముంచాలి. మూడు నాలుగు రోజులకు మళ్లీ చూడండి. చాలా చన్నులు వాటంతటవే 0కి వస్తాయి.

రెండుసార్లు వరసగా 2 కానీ 3 కానీ వస్తే, లేదా తరకలు కనిపిస్తే, శాంపిల్ తీసి పెట్టుకుని డాక్టరును పిలవండి. షాపుకు పోయి పొదుగు ట్యూబు ఇవ్వండి అని అడిగి తెచ్చుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ఏ క్రిమో తెలియకుండా, కోర్సు పూర్తి చేయకుండా రెండు ట్యూబులతో ఆపేస్తే క్రిమి చావదు, మందుకు అలవాటు పడుతుంది. ట్యూబు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత దాని మీద రాసినన్ని రోజులూ ఆ ఆవు నాలుగు చన్నుల పాలూ కేంద్రానికి పోయొద్దు, ఇంట్లో వాడొద్దు. ట్యూబు వాడాక పాలు తోడుకోవడం లేదంటే పాలలో మందు ఇంకా ఉందేమోనని అనుమానించాలి, మీ తోడుది తప్పు కాకపోవచ్చు.

కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరి పొదుగుకు పట్టించే పద్ధతిని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారంలో పెట్టింది. మన ఇళ్లలో వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. వాడితే వాడండి, కానీ తగ్గిందా లేదా అన్నది చేతికి మెత్తగా తగిలిందని చెప్పుకోకుండా ప్యాడిల్‌నే అడగండి. మొదలుపెట్టిన రోజు ఎంత, ఆరో రోజు ఎంత. అంకె దిగకపోతే పూత ఆపి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

ఏ పరీక్షా అక్కర్లేని సందర్భం కూడా ఒకటుంది. ఆవు మేత మానేసి, ఒళ్లు కాలిపోతూ, పాలు పసుపు నీళ్లలా వస్తుంటే, లేదా పొదుగు ఒక పక్క చల్లబడి నీలంగా మారుతుంటే అది ప్రాణం మీదికి వచ్చిన కేసు. ఆవు మామూలు వేడి 101.5 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర ఉంటుంది, 103 దాటితే జ్వరమే. ప్యాడిల్ పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు గానీ, సంచార పశువైద్య వాహనం కోసం 1962కు గానీ ఫోను చేయండి.

చివరగా, పాలు ఎండగట్టే రోజు. ఏడాది మొత్తంలో ఒక్కసారే ప్యాడిల్ పెడతానంటే ఆ ఒక్కసారి ఇదే కావాలి. పిండడం మానేసిన మొదటి రెండు వారాలు, ఈనడానికి ముందు రోజులు కొత్త క్రిములు పొదుగులోకి చేరడానికి అనువైన కాలం. పాత జబ్బును మొండిగా దాచుకున్న గదికి వట్టిపోయే ట్యూబుతో (పాలు ఎండగట్టేటప్పుడు ఎక్కించే మందుతో) వైద్యం చేయడానికీ ఇదే తగిన అదను. ఎండగట్టడానికి వారం ముందు నాలుగు చన్నులూ చూసి, 2, 3 వచ్చినవాటిని కల్చర్‌కు పంపి, రిపోర్టు చేతికొచ్చాక ఏ ట్యూబు వేయాలో డాక్టరుతో తేల్చుకోండి. మూడు ఈతలుగా ఒకే చన్ను 3 చూపిస్తూ, వైద్యానికి లొంగకుండా ఉంటే ఆ ఒక్క గదిని శాశ్వతంగా ఎండగట్టేయడమా, ఆవునే మార్చుకోవడమా అని కూడా అప్పుడే అడగండి. మూడు చన్నులతో ఇంటికి సరిపడా పాలిచ్చే ఆవులు మన ఊళ్లలో ఉన్నాయి.